మాస్టారి పైపుకి కొత్త కాడ

ఫిబ్రవరి 3, సోమవారం

రెండు వారాలుగా ఒక్క పళ్ళ సెట్టు పని కూడా రాలేదు. డాక్టర్లంతా ఇప్పుడు నోట్లో కెమెరా పెట్టి ఫొటో తీసి బెజవాడ పంపించేస్తున్నారు. అక్కడ మిషను చెక్కి పంపుతుందిట. ఇరవై ఎనిమిదేళ్ళుగా తిరువూరు చుట్టుపక్కల కట్టుడుపళ్ళతో నమిలినవాళ్ళలో సగం మంది నా చేతి పళ్ళతోనే నమిలారు. ఆ సంగతి ఇప్పుడు ఎవడిక్కావాలి?

పని లేకపోతే నా కుడిచెయ్యి ఊరుకోదు. ఖాళీగా బల్ల మీద పెడితే బొటనవేలూ చూపుడువేలూ వాటంతటవే ఒకదాన్నొకటి రాసుకుంటాయి, మణికట్టు దాకా వణుకు పాకుతుంది. ఆకురాయి పట్టుకోగానే ఆగిపోతుంది. జబ్బయితే పని చేసేటప్పుడు కదా వణకాలి? కాబట్టి ఇది జబ్బు కాదు, పని లేక పుట్టిన వణుకు. చేతికి పని పెడితే అదే పోతుంది. ఈ మాట మా ఆవిడ సలోమితో అనలేదు. అంటే మర్నాడే ఆస్పత్రి అంటుంది. అందాకా వేళ్ళ మధ్య చిన్న మైనం ముద్ద పెట్టుకుని ఉండ చుడుతూ కూచుంటున్నాను. పళ్ళు కట్టేవాడి చేతిలో మైనం ఉంటే ఎవరూ ఏమీ అనుకోరు.

ఇవాళ అలా కూచునుండగా రామనాథ్ వచ్చాడు. హైస్కూల్లో నాకు లెక్కలు చెప్పిన రామమూర్తి మాస్టారి కొడుకు. జేబురుమాల్లోంచి మాస్టారి పైపు తీశాడు. ఎప్పుడో పరీక్షలకని మద్రాసు వెళ్ళినప్పుడు కొనుక్కున్నదని మాస్టారే చెప్పారు ఓసారి. ఊరంతా ఆయన్ని పైపు మాస్టారనేవాళ్ళు. నల్ల కాడ మొదలు దగ్గర టక్కున విరిగిపోయి, లోపలికి దూరే చీల ముక్క చెక్క గిన్నెలోనే ఉండిపోయింది.

"జోజిబాబు గారూ, దీనికి కొత్త కాడ మీవల్ల అవుతుందాండీ? మార్చి ఏడున నాన్నగారి సంవత్సరీకం. ఆయన కళ్ళజోడు, పెన్ను, ఈ పైపు కలిపి అద్దాల ఫ్రేములో పెట్టించి హాల్లో తగిలిద్దామని. చుట్టాలంతా వస్తారు, విరిగింది పెడితే బాగోదు కదా."

"నేను పళ్ళు కట్టేవాణ్ణయ్యా, పైపులు కట్టేవాణ్ణా?"

"మీ చేతికి లొంగని పనుంటుందాండీ?"

ఆ ఒక్క మాటకి పడిపోయాను. చెయ్యి చూసి అన్నాడా, ఊరికే అన్నాడా అని అతను వెళ్ళిపోయాక చాలాసేపు ఆలోచించాను. ఊరికే అన్నాడు.

పోతూ పోతూ, "బొక్క కూడా వెయ్యక్కర్లేదండి, చూడ్డానికి ఉంటే చాలు. గమ్ము పెట్టి అతికించేస్తాం," అన్నాడు. బొక్క లేని పైపేంటి, నా మొహం. కానీ సరేనన్నాను.

ఈ పని పూర్తయ్యేసరికి చెయ్యి దారికొస్తుంది. రాకపోతే అప్పుడు చూద్దాం.

ఫిబ్రవరి 4

విరిగిన చీల బయటికి తీయడానికి సన్న మర లోపలికి తిప్పి లాగాను. వచ్చేసింది. తర్వాత తీగకి దూది చుట్టి గిన్నె లోపల తుడిచాను. దూది తడిగా, తేనె రంగులో వచ్చింది. వాసన చూస్తే పచ్చి పొగాకు కాదు, కాల్చిన పొగాకు. ఇంకో దూది పెట్టాను. అదీ తడే.

మాస్టారు పోయి పదకొండు నెలలు. పైపులో తడి ఎక్కణ్ణించి వచ్చింది?

ఫిబ్రవరి 5

పొద్దుట్నుంచీ ఇదే గోల. విరిగిన కాడని భూతద్దం కింద పెట్టి చూశాను. చివర, పళ్ళ మధ్య పట్టుకునే చోట, పైనా కిందా గుంటలున్నాయి. పైపు తాగేవాళ్ళకి ఉంటాయి, అందులో వింతేముంది అనుకుని పక్కన పెట్టబోయి ఆగిపోయాను.

మాస్టారికి పై సెట్టూ కింది సెట్టూ రెండూ కట్టింది నేనే, పన్నెండేళ్ళ కిందట. ఒక్క సొంత పన్ను లేదు ఆయనకి. సెట్టు పెట్టిన వారానికే వచ్చి, "ఏరా జోజీ, పైపు కరిస్తే పైది ఊడి పడుతోంది, నీకు లెక్కలే రావనుకున్నా, ఇది కూడా రాదా?" అని తిట్టారు. అప్పట్నుంచీ పెదాలతోనే పట్టుకునేవారు. కట్టుడుపళ్ళు కొరికితే గీతలు పడతాయి గానీ ఇంత లోతు గుంటలు పడవు.

గుంటల్లో నూనె రాసి ప్లాస్టరు పోశాను. పళ్ళ అచ్చు తీసుకోవడం నా పనే కదా. ఆరాక విడదీస్తే ముద్దుగా నాలుగు పళ్ళ మొనలు వచ్చాయి. పైన ఎడమవైపు కోరపన్ను బాగా సూదిగా ఉంది, వరసలోంచి ముందుకి పొడుచుకొచ్చిన పన్ను. దాని పక్కది కాస్త ఒరిగి ఉంది. సొంత పళ్ళు, అరగనివి, గట్టివి.

మాస్టారి పైపుని వేరే ఎవరో కొరుకుతున్నారు!

చాలా రోజుల తర్వాత మనసు హుషారుగా ఉంది. చెయ్యి కూడా ఇవాళ నయం. చూశావా, పని పడితే అంతే.

ఫిబ్రవరి 6

రామనాథ్ ఆఫీసు కాయితాల జిరాక్సుకి మా సందులోకి వస్తే పిలిచి మరీ మాట్లాడాను. అతను ఫ్రేము రంగు గురించి చెబుతున్నాడు, నేను అతని నోరు చూస్తున్నాను. పైవరస గీత గీసినట్టు ఉంది. కోరపన్ను తిన్నగా ఉంది. అతను కాదు.

"ఏమైందండీ, నా పంటి మీద ఏమన్నా ఉందా?" అని నాలికతో తడుముకున్నాడు పాపం.

ఫిబ్రవరి 7

కాడ దేంతో చెయ్యాలి? ఇంట్లో ఉన్నది పళ్ళ సెట్టు పౌడరే. అచ్చు పోసి, ఉడకబెట్టి, చల్లార్చి తీశాను. రూపం బ్రహ్మాండంగా వచ్చింది. రంగు చూడాలి! నా దగ్గర ఉన్నది చిగుళ్ళ రంగు పౌడరు. మాస్టారి నల్ల పైపుకి గులాబీరంగు కాడ.

అంగన్‌వాడీ నుంచి సలోమి వచ్చి చూసి కొంగు నోట్లో కుక్కుకుంది. "ఇదేంటయ్యా, చిగురు పీకి పైపుకి తగిలించావు? దీన్ని నోట్లో పెట్టుకుంటే ఎవడి నోరు ఎవడు తింటున్నాడో తెలీదు!"

నవ్వీ నవ్వీ కూలబడింది. అది నా దగ్గర అలా నవ్వి ఎన్నాళ్ళయిందో. ఈ మధ్య ముభావంగా ఉంటోంది. దగ్గరికొచ్చి నిలబడుతుంది, ఏదో అడగబోయి వెళ్ళిపోతుంది. అంగన్‌వాడీలో పని ఎక్కువైనట్టుంది.

ఫిబ్రవరి 9, ఆదివారం

మొద్దులా నిద్రపోయే నన్ను లేపి చర్చికి తీసుకెళ్ళింది. పాస్టరుగారు ప్రసంగం మధ్యలో నన్ను చూపించి, "మన జోజిబాబు మందు మానేసి తొమ్మిదేళ్ళు, ఈ సంఘానికే సాక్ష్యం," అన్నారు. అందరూ ఇటు తిరిగారు. సలోమి మాత్రం పాటల పుస్తకంలోంచి తలెత్తలేదు.

ప్రార్థనప్పుడు ఎడమచేత్తో కుడిచేతిని గట్టిగా పట్టుకుంటే బాగానే ఉంటుంది. అందరూ కళ్ళు మూసుకునే ఉంటారు కూడా.

ఫిబ్రవరి 11

యూట్యూబ్‌లో ఒక తెల్లాయన పైపు కాడలు చేస్తున్నాడు. భాష సగమే అర్థమైనా చేతులు అర్థమవుతాయి. పాతవాటికి వాడేది ఎబొనైటట. రబ్బరులో గంధకం కలిపి ఉడికిస్తే కొమ్ములా గట్టిపడుతుంది. ఎక్కడో విన్న పేరే అనుకున్నాను. మన రాజమండ్రిలో చేత్తో చేసే ఇంకు పెన్నులు దాంతోనే కదా!

అక్కడ పెన్నులు చేసే ఒకాయన నంబరు సంపాదించి ఫోను చేశాను. "పెన్నుకాండీ?" అన్నాడు. "కాదండి, పైపుకి," అన్నాను. తర్వాత ఆయనకీ ఆరాటం పట్టుకుంది. ఎంత లావు, బొక్క ఎంత, వంపు ఎలా అని ఇరవై నిమిషాలు మాట్లాడాం. మూడు నల్లకడ్డీలు బస్సులో వేస్తానన్నాడు. "పొడుగు బొక్కండి, జాగ్రత్త. చెయ్యి ఏమాత్రం పక్కకి పోయినా గోడ చీల్చుకు బయటికొస్తుంది," అన్నాడు చివర్న.

నా చెయ్యి సంగతి ఆయనకేం తెలుసు.

ఫిబ్రవరి 12

మధ్యాహ్నం కొత్త నంబరు నుంచి ఫోను. గుసగుసగా, "జోజిబాబేనా? నేను నాయనా, మాస్టారింట్లోంచి," అంది. హనుమాయమ్మగారు. మాస్టారి భార్య.

"చెప్పండి అమ్మగారూ."

"మా వాడు రంధ్రం అక్కర్లేదన్నాట్ట కదా?"

"అవునండి, ఫ్రేముకి కదా, అన్నాడు."

"రంధ్రం వెయ్యి నాయనా."

"ఎందుకండీ?"

అటుపక్క బిందె చప్పుడేదో అయింది. "పూర్తి వస్తువు పెట్టాలి గానీ ఉత్తుత్తి వస్తువు పెడితే ఆయన ఆత్మ ఊరుకుంటుందా? వెయ్యి. మా వాడికి చెప్పకు." ఠక్కున పెట్టేసింది.

ఆత్మకి రంధ్రమా!

ఫిబ్రవరి 15

కడ్డీలు వచ్చాయి. ఒకటి పాడైంది. డ్రిల్లు ముల్లు అరిగిపోయింది, కొత్తది తెప్పించాలి.

ఫిబ్రవరి 16

రెండోది కూడా. కరెంటు ఒక పద్ధతిలో రావడం లేదు, మోటారు ఊగుతోంది.

ఫిబ్రవరి 17

కరెంటు బాగానే ఉంది.

ఫిబ్రవరి 18

ఉన్నది ఒక్క కడ్డీ. ముట్టుకోవాలంటే భయంగా ఉంది. పళ్ళ సెట్టులో తేడా వస్తే మైనం కరిగించి మళ్ళీ పెట్టుకోవచ్చు. ఇది అలా కాదు.

వంపు ఎంతుండాలో చూడ్డానికి మాస్టారి పాత ఫొటో కావాలని వంక పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. వంక కాదు, నిజంగానే కావాలి. రామనాథ్, కోడలు శ్రీవల్లి ఇద్దరూ ఆఫీసులకి వెళ్ళారు. హనుమాయమ్మగారొక్కరే ఉన్నారు. నలభై ఏళ్ళుగా ఎరిగిన మనిషి. ఎప్పుడూ కొంగు నోటికడ్డం పెట్టుకునే మాట్లాడుతుంది, పద్ధతి అనుకునేవాణ్ణి.

ఫొటో ఇచ్చింది. అందులో మాస్టారు పైపు పట్టుకుని మహారాజులా కూచున్నారు. నేను, "అమ్మగారూ, మొన్న దీనికి గులాబీరంగు కాడ చేశానండి, చిగుళ్ళ రంగు," అని మా సలోమి అన్న మాట చెప్పాను. ఆవిడ కొంగు జారిపోయేంతగా నవ్వింది.

ఎడమవైపు కోరపన్ను. సూదిగా, ముందుకి. దాని పక్కది ఒరిగి.

డెబ్భై నాలుగేళ్ళ మనిషి, మడి కట్టుకుని వంట చేసే మనిషి! ఆవిడ గబుక్కున కొంగు సర్దుకుని, "ఏం చూస్తున్నావు?" అంది.

"మంచి పళ్ళండి మీవి. నా అవసరం రాదు మీకు," అన్నాను.

దారి పొడుగునా నాలో నేనే నవ్వుకుంటూ వచ్చాను. ఎవరికి చెప్పను? సలోమికి కూడా చెప్పను. ఒకరి నోటి సంగతి ఇంకొకరికి చెప్పకపోవడం నా వృత్తి.

ఫిబ్రవరి 20

వేశాను!

కడ్డీని ప్లాస్టరు దిమ్మలో పాతిపెట్టాను, కదలకుండా. మోటారు పక్కన పెట్టి చేతి డ్రిల్లుతో, రెండు చేతులూ పెట్టి, అటు నుంచి సగం ఇటు నుంచి సగం. ఇటువైపు లావు ముల్లు, పళ్ళ వైపు సన్నముల్లు. మధ్యలో రెండు బొక్కలు కలిసినప్పుడు చిన్న కుదుపు తెలిసింది, చంటిదాని మొదటి పన్ను వేలికి తగిలినట్టు. అటుపక్క కన్ను పెట్టి చూస్తే కిటికీ వెలుగు గుండ్రంగా కనపడింది. పొద్దున ఎనిమిదింటికి కూచుంటే మూడయింది. అన్నం కూడా తినలేదు.

ఏడు గంటల్లో ఒక్కసారి వణికిందా? లేదు. ఇంకేం కావాలి?

ఫిబ్రవరి 22

ఆకురాయి పని. ఇంటినిండా గంధకం కంపు. సలోమి ముక్కు మూసుకుని లోపలికి వచ్చి, నా పక్కన నిలబడి, చొక్కా దగ్గరికి వంగి వాసన చూసింది.

"గంధకమే," అన్నాను.

"గంధకమేనా?" అంది. గంధకం కాకపోతే ఇంకేముంటుంది. చిత్రమైన మనిషి.

రెడ్డిగూడెం అంకారావు వచ్చాడు. డిసెంబర్లో కట్టిచ్చిన సెట్టు సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. "ఏం జోజీ, ఒక పక్క కూడుతోంది, ఇంకో పక్క కూడ్డంలా. మామిడికాయ ముక్క ఎడమ పక్కే నమలాల్సొస్తోంది. నువ్వు కట్టింది కాదనుకుంటా, నిజం చెప్పు, ఎవడో కుర్రాడి చేత కట్టించావు కదా?"

అవునన్నాను. కుర్రాడే కట్టాడని అబద్ధం చెప్పాను. నా దగ్గర ఏ కుర్రాడూ లేడు.

ఫిబ్రవరి 24

చీల గిన్నెలోకి బిర్రుగా, నూనె పెట్టినట్టు దూరింది. పళ్ళ వైపు చివర చిన్న గట్టు తేలాలి, పంటికి ఆనడానికి. ఆ గట్టు దగ్గర పొగ వచ్చే చీలిక తాటాకు దొన్నెలా విచ్చుకోవాలి. సూది ఆకురాయితో గీస్తూ ఉంటే మధ్యాహ్నాలు ఎలా గడిచిపోతున్నాయో తెలీడం లేదు. ఆ కోరపన్నుకి సరిగ్గా ఆనేలా ఎడమవైపు గట్టు ఒక్క వెంట్రుకవాసి ఎత్తు ఉంచాను. అది ఎవరైనా చెప్పమంటే చెప్పలేని పని. పళ్ళు కట్టేవాడికే తెలుస్తుంది.

వెనకటికైతే సగం రోజు పని. నాలుగు రోజులు పట్టింది. తొందరేముంది?

ఫిబ్రవరి 25

మూకుట్లో ఉప్పు వేడి చేసి కాడని అందులో కప్పిపెట్టాను. వంచేటప్పుడు బొక్క మూసుకుపోకుండా లోపల తీగ. మెత్తబడగానే ఫొటో పక్కన పెట్టుకుని నెమ్మదిగా వంచి చన్నీళ్ళలో ముంచాను. వంపు వచ్చేసింది. తర్వాత వాటర్ పేపరు, తర్వాత పళ్ళకి పెట్టే మెరుగు. నేరేడుపండులా నిగనిగలాడుతోంది.

బల్ల మీద పెట్టి చూసుకుంటూ కూచున్నాను. పనైపోయింది.

చెయ్యి మళ్ళీ మొదలుపెట్టింది. ఇంత పని చేశాక కూడానా? మైనం ఎక్కడ పెట్టానో కనపడక పిచ్చెక్కినట్టు వెతికాను.

ఫిబ్రవరి 27, గురువారం

నిన్న శివరాత్రి ఉపవాసం, జాగారం చేసి కూడా హనుమాయమ్మగారు ఇవాళ పొద్దున్నే ఆటోలో మా ఇంటికి వచ్చింది. సలోమి అప్పటికే అంగన్‌వాడీకి వెళ్ళిపోయింది. హనుమాయమ్మగారు వస్తూనే పైపు అందుకుని, కళ్ళకద్దుకుని, నా ముందే నోట్లో పెట్టుకుని ఉత్తి గాలి లాగింది.

"గాలి బాగా వస్తోంది," అంది. తర్వాత నాలికతో గట్టు తడిమి నా వైపు చూసింది. "నా పంటికి కొలత ఎవరిచ్చారు నీకు?"

"పాత కాడ ఇచ్చిందండి."

ఆవిడ కుర్చీలో కూలబడింది. భయపడుతుందనుకున్నాను, కాదు. చెప్పేసి బరువు దించుకున్నట్టు గడగడా చెప్పుకొచ్చింది.

"ఆయనకి చేతులు వణికి అగ్గిపుల్ల నిలవకపోతే నేనే ముట్టించేదాన్ని నాయనా. రెండు గుక్కలు లాగి, బాగా అంటుకున్నాక ఆయన నోట్లో పెట్టి పట్టుకునేదాన్ని. ఆరేళ్ళు. ఆయన పోయాక, పొద్దున్న తొమ్మిదయ్యేసరికి నా నోరు ఊరుకోదు. వాళ్ళిద్దరూ వెళ్ళాక పెరట్లో నుయ్యి దగ్గర కూచుని రెండంటే రెండు గుక్కలు. ఆ వాసనకి ఆయన పక్కనే ఉన్నట్టుంటుంది. ఆ రోజు మా వాడు ఫైలు మర్చిపోయి వెనక్కొచ్చాడు. కంగారులో కాలుతుండగానే కాడ పీకబోయాను. విరిగి ఊరుకుంది. షెల్ఫు మీంచి పడిందన్నాను."

"వేడి మీద తీయకూడదండి. చల్లారాక తిప్పి తీయాలి," అన్నాను.

"ఇప్పుడు ఫ్రేములో అతికించేస్తానంటున్నాడు."

"అతికించడు. ఆ సంగతి నేను చూసుకుంటాను."

ఆవిడ మొహం విప్పారింది. లేవబోయి మళ్ళీ కూచుంది. నా చేతి వైపే చూస్తోంది. నేను మామూలుగానే మైనం ఉండ చుడుతున్నాను.

"ఆ మైనం ఇలా ఇవ్వు."

"ఎందుకండీ?"

"ఇవ్వు నాయనా."

ఇచ్చాను. మాస్టారి భార్య అడిగితే ఇవ్వకుండా ఎలా ఉంటాను. ఉండ ఆవిడ చేతిలో ఉంది. నా వేళ్ళు మాత్రం ఉత్తి గాలిని ఉండ చుడుతూనే ఉన్నాయి.

"పని చేసేటప్పుడు ఉండదు కదూ?" అంది.

"ఉండదండి! ఈ కాడ చేసినంతసేపూ లేదు. పని లేకపోతేనే వస్తుంది. అందుకే అది..."

"మా ఆయనా అదే అనేవారు. ట్యూషను పిల్లలకి సుద్దముక్క పట్టుకుని బోర్డు మీద రాస్తుంటే ఆగిపోతోందే, ఇది జబ్బెలా అవుతుందే అని నామీద కేకలేసేవారు. ఆ ఒక్క మాట పట్టుకుని మూడేళ్ళు ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. ఆఖరికి గుంటూరులో పెద్ద డాక్టరు చెప్పాడు, ఖాళీగా ఉన్నప్పుడు వణకడమే ఈ వణుకుడు జబ్బుకి గుర్తట. ముందే వస్తే మాత్రలతో ఇంకొన్నేళ్ళు బాగా గడిచేవిగా మాస్టారూ అన్నాడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "మాస్టారు పెద్దవారండి. నాకు యాభై నాలుగే. నరం పట్టింది, అంతే. మీరేమన్నా డాక్టరా?" అన్నాను. ఛీ, ఆవిడతో అలా మాట్లాడాను.

ఆవిడ కోపం తెచ్చుకోలేదు. "నా సంగతి నువ్వు దాచిపెట్టు నాయనా, అది నవ్వులాటది. నీది దాచుకునేది కాదు," అని మైనం బల్ల మీద పెట్టి ఆటో ఎక్కింది.

ఫిబ్రవరి 28

ఆవిడకేం తెలుసు. పైపు తాగే ముసలావిడ.

మార్చి 1

ఇరవై ఆరు రోజులుగా ఈ పుస్తకంలో నేనే రాసుకున్నాను, పని చేస్తే ఆగుతుంది కాబట్టి జబ్బు కాదు అని. మొదటి పేజీలోనే ఉంది. లెక్క అంతా సరిగ్గా వేసి, జవాబు తలకిందులు రాసిపెట్టుకున్నాను. మాస్టారైతే చెవి మెలేసేవారు.

భయంగా ఉంది. ఈ చెయ్యి పోతే నేనెవర్ని? పళ్ళు కట్టడం తప్ప ఇంకొకటి రాదు. రేపు సలోమి ముందు చెంచా జారవిడిచిన రోజు దాని కళ్ళలోకి ఎలా చూడను?

మార్చి 2, ఆదివారం

చర్చి నుంచి వచ్చి అన్నాలకి కూచున్నాం. కోడికూర చేసింది. తినడం అయ్యాక చెయ్యి కడుక్కుని, మైనం తీసుకోలేదు, చెయ్యి జేబులో పెట్టుకోలేదు, తొడ కింద పెట్టుకోలేదు. సలోమి ఎదురుగా బల్ల మీద, ఖాళీగా, అరచెయ్యి పక్కకి పెట్టి ఊరుకున్నాను. నిమిషం కూడా పట్టలేదు. మొదలైంది. గ్లాసులో నీళ్ళు కూడా కదిలాయి.

సలోమి చూసింది. ఆశ్చర్యపోలేదు. పళ్ళెం పక్కకి జరిపి, నెమ్మదిగా, "ఎక్కడ దాచావు?" అంది.

"ఏంటి?"

"సీసా."

"ఏ సీసా?" అన్నాను.

"ఇల్లంతా వెతికానయ్యా. ప్లాస్టరు బస్తాల్లో చెయ్యి పెట్టి చూశా. నీ చొక్కాలు వాసన చూశా, రోజూ. ఏ కొట్లో తాగుతున్నాడు, ఎవరితో తాగుతున్నాడు అని దార్లో కనపడ్డ ప్రతివాడి మొహం చూశా. పాస్టరుగారు నిన్ను సాక్ష్యం అంటుంటే నాకు భూమిలోకి పోవాలనిపించింది. తొమ్మిదేళ్ళు మానేసి మళ్ళీ మొదలెట్టావు కదూ? ఆ చెయ్యి అప్పుడు కూడా ఇట్టాగే వణికేది, పొద్దున్నే మందు పడకపోతే."

"సలోమీ, నేను ముట్టలేదు. నీ మీద ఒట్టు."

"మరి ఆ చెయ్యేంటి?"

చెప్పాను. మైనం సంగతి, పాడైన కడ్డీలు, అంకారావు పళ్ళు, హనుమాయమ్మగారు అన్న మాట, అన్నీ. పైపు ఎవరు తాగుతున్నారో మాత్రం చెప్పలేదు, ఆ రహస్యం వేరేవాళ్ళది. వింటూ వింటూ లేచి వచ్చి నా వీపు మీద ఒక్కటిచ్చింది. గట్టిగానే ఇచ్చింది. తర్వాత నా తల పొట్టకేసి అదుముకుని ఏడ్చింది.

"మందయితే మందని చెప్పు, జబ్బయితే జబ్బని చెప్పు. ఏదీ చెప్పకుండా నన్ను ఇంటికి కాపలాకుక్కని చేశావు కదయ్యా."

దాన్ని భయపెట్టకూడదని దాచాననుకున్నాను. ఇన్నాళ్ళూ అది అంతకంటే పెద్ద భయంతో నా పక్కన పడుకుంది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ చెయ్యి మాత్రం దాని చేతిలో ఉన్నంతసేపూ వణుకుతూనే ఉంది, అది వదల్లేదు.

మార్చి 3

రామనాథ్ వచ్చి పైపు చూసి నోరు తెరిచాడు. గమ్ము పెట్టొద్దని చెప్పాను. గమ్ము పెడితే పాత చెక్క ఊపిరాడక పగులుతుందని, ఫ్రేముకి చిన్న తలుపూ గడియా పెట్టించి రోజూ తీసి తుడుస్తుండాలని, అది కూడా అమ్మగారి చేత్తోనే అయితే మంచిదని చెప్పాను. చెక్కకి ఊపిరేంటని అడగలేదు. ఆఫీసులో పెద్ద ఉద్యోగమే చేస్తున్నాడు పాపం.

మార్చి 5, బుధవారం

పొద్దున బస్సుకి ఇద్దరం బెజవాడ వెళ్ళాం. డాక్టరమ్మ చిన్నపిల్ల, మా అమ్మాయి వయసుంటుంది. వేళ్ళు తట్టమంది, నడవమంది, కాయితం మీద గిరగిరా చుట్లు గియ్యమంది. నేను గీస్తూ, ఇదెందుకు, అదెందుకు అని అడుగుతూనే ఉన్నాను. విసుక్కోకుండా చెప్పింది. తర్వాత చేతులు ఒళ్ళో ఖాళీగా పెట్టుకుని, కళ్ళు మూసుకుని, వందలోంచి ఏడేసి తీసేస్తూ లెక్కపెట్టమంది. తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్భై తొమ్మిది. మాస్టారి శిష్యుణ్ణి, అరవై ఐదు దాకా తడుముకోకుండా వెళ్ళాను. చెయ్యి ఎగిరి ఎగిరి పడింది.

"నా అనుమానమూ మీరన్న ఆ వణుకుడు జబ్బేనండి. ఒక స్కాను తీయించి చూద్దాం. మాత్రలు మొదలుపెడదాం. పని మానకండి, మానితే నేనే ఊరుకోను," అంది.

తర్వాత పెన్ను తీసి, "ఇది ఎప్పట్నుంచి ఉంది?" అని అడిగింది.

పోయిన వేసవి నుంచి అని చెప్పడానికి నోరు తెరిచాను. నిజంగా నాకు తెలిసింది అప్పుడే. నేను అనేలోపే సలోమి అంది:

"రెండువేల ఇరవై మూడు, ఆగస్టు పదిహేను అండి. పొద్దున తొమ్మిదిన్నరకి. మా అంగన్‌వాడీలో పిల్లలకి చాక్లెట్లు పంచుతున్నాడు. పొట్లం పట్టుకున్న చెయ్యి బాగానే ఉంది, ఖాళీ చెయ్యి వణికింది."

డాక్టరమ్మ రాసుకుంది. నేను సలోమి వైపు తిరిగి చూశాను. అది కిటికీలోంచి బయటికి చూస్తోంది.

ఇంటికి రాగానే బీరువా మీంచి ఆ ఏడాది డైరీ తీశాను. ఆగస్టు 15 పేజీలో ఇలా ఉంది:

"జెండా వందనం. ఎండ ఎక్కువగా ఉంది. విశేషాలేమీ లేవు."